జన్యు భాగాల ఉమ్మడి పెట్టె: తీసుకోవడం, సరిచూసుకోవడం, కలపడం, తిరిగి పెట్టడం

గొట్టం మీద రాసిన పేరూ, గొట్టంలో ఉన్న డీఎన్‌ఏ ఒకటేనని ఎవరూ పూచీ పడరు. ఉమ్మడిగా పోగుచేసిన జన్యు భాగాలతో, అంటే ఒక్కోటి ఒక్కో పని చేసే డీఎన్‌ఏ ముక్కలతో, ప్రాజెక్టు చేసేవాళ్లు మొదటి రోజే మనసులో పెట్టుకోవలసిన సంగతి ఇది. ఎవరో ఎక్కడో తయారుచేసి, ఇంకెవరో పంచిపెట్టిన భాగాన్ని మనం వాడుకుంటున్నాం. మధ్యలో ఎన్ని చేతులు మారాయో, ఎన్ని గొట్టాలు తారుమారయ్యాయో పేజీలో కనపడదు. అందుకే ఈ మార్గదర్శిలో కత్తిరించడం, అతికించడం కంటే సరిచూసుకోవడానికీ, రాసిపెట్టుకోవడానికీ ఎక్కువ చోటిచ్చాం.

ఉదాహరణలన్నీ ఇలాంటి భాగాలతో విద్యార్థి జట్లు తలపడే ఐజెమ్ పోటీ చుట్టూ పెరిగిన రిజిస్ట్రీ (భాగాల జాబితా) నుంచి తీసుకున్నవే. 2003 జనవరిలో అమెరికాలోని ఎంఐటీలో చిన్న కోర్సుగా మొదలైన ఐజెమ్, 2004లో ఐదు జట్ల పోటీ అయింది. 2012లో ఎంఐటీ నుంచి విడిపోయి సొంత ఫౌండేషన్‌గా నిలబడింది. భాగాలన్నిటికీ ఒకే రకం కొసలుంటే ఏ భాగాన్నైనా దేనికైనా అతికించవచ్చన్న బయోబ్రిక్ పద్ధతిని టామ్ నైట్ 2003లోనే ప్రతిపాదించారు. రిజిస్ట్రీలో నమోదులు ఇరవై వేలు దాటాయి. అయితే నమోదైన ప్రతి భాగానికీ డీఎన్‌ఏ దొరకదు. ఐజెమ్ జట్లకు పంపే కిట్‌లో వచ్చేవి అందులో కొద్ది శాతమే.

కిట్ రాకముందు చేయవలసినవి

మన దేశంలో పని చేస్తుంటే మొదటి మెట్టు మీ సంస్థలోని జీవభద్రతా కమిటీ, అందరూ పిలిచే పేరు ఐబీఎస్‌సీ. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నియమాలు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) 2017లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ పనికి వర్తిస్తాయి. ఈ.కోలై బ్యాక్టీరియా కె-12 జాతిలో హాని లేని భాగాలతో చేసే పని అన్నిటికంటే తక్కువ ప్రమాద వర్గంలోకి వస్తుంది. అయినా కమిటీకి తెలియజేయకుండా మొదలుపెట్టకూడదు. విదేశం నుంచి డీఎన్‌ఏ తెప్పించే కాగితాలూ ఆ దారినే వెళతాయి. కమిటీ అడిగినప్పుడల్లా కూర్చోదు కాబట్టి పోటీ గడువు నుంచి వెనక్కి లెక్కేసుకుని ముందే దరఖాస్తు పెట్టండి. వేసవి సెలవుల్లో సంతకం పెట్టేవారు ఊళ్లో ఉండరు.

రెండోది పదార్థ బదిలీ ఒప్పందం, అంటే ఎంటీఏ. ఐజెమ్ కిట్ పోటీలో నమోదైన జట్లకు వస్తుంది. అందులో లేని ప్లాస్మిడ్ (భాగాన్ని కణంలో మోసే గుండ్రటి చిన్న డీఎన్‌ఏ) కావాలంటే అమెరికాలోని ఆడ్‌జీన్ లాంటి లాభాపేక్ష లేని భాండాగారాన్ని అడగాలి. అక్కడ విద్యార్థి సొంత పేరుతో ఆర్డరు పెట్టలేడు. సంస్థ తరఫున అధికారం ఉన్నవారు సంతకం చేయాలి. తీసుకున్నదాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చా లేదా అన్నది ఆ ఒప్పందంలోనే ఉంటుంది. 2018లో వచ్చిన ఓపెన్ ఎంటీఏ కింద తీసుకుంటే పంచుకోవడానికి అడ్డు లేదు, మామూలు ఒప్పందాల్లో చాలావాటికి అడ్డుంటుంది. తర్వాతి బ్యాచ్ కోసం కాలేజీలో సొంత పెట్టె పెట్టాలనుకుంటే ఈ తేడా ఇప్పుడే చూసుకోవాలి.

పేరు చదవడం

రిజిస్ట్రీ పేర్లన్నీ బీబీఏ అనే అక్షరాలతో మొదలవుతాయి. రోజువారీ మాటల్లో దాన్ని వదిలేసి మిగతాదే అంటారు. పాత భాగాల్లో తొలి అక్షరం కొంత చెబుతుంది: ఆర్ అంటే ప్రమోటర్ల (జన్యువును నడిపించే మీటల) లాంటి నియంత్రణ భాగాలు, సీ అంటే ప్రోటీన్ రాసే భాగాలు, ఈ అంటే రంగు లేదా వెలుగు ఇచ్చే రిపోర్టర్లు, బీ అంటే రైబోజోమ్ కూర్చునే చోట్లు (ప్రోటీన్ తయారీ మొదలయ్యేవి), టెర్మినేటర్లు (జన్యువు చదవడం ఆపేవి). తర్వాత జట్లకు వచ్చిన కె వరుస సంఖ్యల్లో ఇలాంటి సూచన ఏమీ ఉండదు.

భాగాన్ని మోసే ప్లాస్మిడ్ బ్యాక్‌బోన్ పేరు చదవడం మాత్రం తప్పక నేర్చుకోవాలి. పీఎస్‌బీ1సీ3లో 1 అంటే కణంలో ఎక్కువ ప్రతులు చేసుకునే ఆరిజిన్, అంటే ప్రతి తీయడం మొదలయ్యే చోటు (వంద నుంచి మూడు వందల వరకు), సీ అంటే క్లోరాంఫెనికాల్ నిరోధకత, 3 అంటే కూర్పు సంఖ్య. సీ ఉన్న చోట ఏ ఉంటే యాంపిసిలిన్, కె అయితే కనామైసిన్, టీ అయితే టెట్రాసైక్లిన్. పీఎస్‌బీ3 వరుసకు పదిహేను, ఇరవై ప్రతులే ఉంటాయి, పీఎస్‌బీ4 వరుసకు ఇంకా తక్కువ. ఒకే ఆరిజిన్ ఉన్న రెండు ప్లాస్మిడ్లను ఒకే కణంలో పెడితే ఒకటి మెల్లగా జారిపోతుంది. రెండు పరికరాలు కలిసి నడవాలంటే ఒకటి 1 వరుసలో, రెండోది 3 వరుసలో పెట్టండి.

మొదటి ప్రాజెక్టుకు ఈ భాగాలు చాలు. జే04450: ఐపీటీజీ అనే ప్రేరక రసాయనం ఇవ్వకపోయినా కాలనీలు (ప్లేటు మీద పెరిగే కణాల చుక్కలు) ఎర్రబడే ఆర్‌ఎఫ్‌పీ (ఎర్ర ప్రోటీన్) పరికరం, పొడవు 1,069 బేస్ జతలు (డీఎన్‌ఏ అక్షరాల జతలు). ఈ0040: జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్), 720 జతలు. బీ0034: బలమైన రైబోజోమ్ స్థానం, కేవలం 12 జతలు. బీ0015: జంట టెర్మినేటర్, 129 జతలు. ఐ13504: పైవాటిలో చివరి మూడూ అతికించిన జీఎఫ్‌పీ జనరేటర్, దీనికి ముందు ఏదైనా ప్రమోటర్ పెడితే చాలు. ప్రమోటర్లకు జే23100 నుంచి జే23119 వరకు ఉన్న ఆండర్సన్ వరుస. రిజిస్ట్రీ పట్టికలో జే23100 బలాన్ని 1 అనుకుంటే జే23101ది 0.70, జే23106ది 0.47, జే23117ది 0.06. ఈ అంకెలు ఒక ప్రయోగశాలలో, ఒక ప్లాస్మిడ్‌లో, ఒక కణజాతిలో కొలిచినవి. మీ దగ్గర వరుస క్రమం చాలావరకు నిలుస్తుంది, అంకెలు మాత్రం నిలవవు.

ఈ వరుసలో ఒక తిరకాసు ఉంది. ఆండర్సన్ ప్రమోటర్లు చాలాకాలం జే61002 అనే ప్లాస్మిడ్‌లో తిరిగాయి. అందులో ప్రమోటర్ వెనకే ఒక ఆర్‌ఎఫ్‌పీ ఉంటుంది. ఆ చివరా ఈ చివరా కోస్తే 35 జతల ప్రమోటర్ బదులు ప్రమోటరూ ఆర్‌ఎఫ్‌పీ కలిసి వస్తాయి. డీఎన్‌ఏ ముక్కలను పొడవు ప్రకారం విడదీసే జెల్ మీద వెయ్యికి దగ్గరగా గీత చూసి కంగారుపడేవాళ్లలో సగం మంది సమస్య ఇదే. బ్యాక్‌బోన్ ఏదో ముందు చూడండి.

కణాలను ముందే పరీక్షించండి

పాత కిట్లలో 384 గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు 2 నుంచి 3 నానోగ్రాముల ఎండిన డీఎన్‌ఏ ఉండేది. పది మైక్రోలీటర్ల నీటిలో కరిగిస్తే మైక్రోలీటరుకు 200–300 పికోగ్రాములు. కొత్త కిట్లలో పరిమాణం మారవచ్చు, దాంతో వచ్చిన కాగితం చూడండి, లెక్క మాత్రం ఇదే.

మీ కాంపిటెంట్ కణాల (బయటి డీఎన్‌ఏను తీసుకునేలా సిద్ధం చేసిన కణాల) సామర్థ్యం మైక్రోగ్రాము డీఎన్‌ఏకు పది లక్షల కాలనీలు అనుకుందాం. 200 పికోగ్రాములు వేస్తే మొత్తం 200 కాలనీలు రావాలి. వెయ్యి మైక్రోలీటర్లలో వంద మాత్రమే ప్లేటు మీద పరుస్తారు కనుక కనపడేవి ఇరవై. సామర్థ్యం లక్షే అయితే రెండు, అంటే అదృష్టం బాగుంటేనే. కనీసం కోటి లేని కణాలతో కిట్ ముట్టుకోవద్దు. కాల్షియం క్లోరైడ్‌తో ప్రయోగశాలలో సొంతంగా చేసుకున్న కణాలు ఆ కోటిని అందుకోవడం సాధ్యమే. పెరుగుదల 0.4 ఓడీ (ద్రవం ఎంత మసకబారిందో చెప్పే కొలత) దగ్గర ఆపాలి, ఆ తర్వాత ప్రతి గొట్టం, ప్రతి ద్రావణం ముందే మంచులో చల్లబడి ఉండాలి. ఎక్కువ మంది ఇక్కడే, వెచ్చటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కణాలను పాడుచేసుకుంటారు.

పరీక్షకు మైక్రోలీటరుకు 10 పికోగ్రాముల జే04450 ప్లాస్మిడ్ ఒక మైక్రోలీటరు వేయండి. కణాలు కోటి స్థాయివైతే మొత్తం వంద కాలనీలు, పదో వంతు పరిచిన ప్లేటు మీద పది ఎర్ర చుక్కలు వస్తాయి.

కణజాతి ఎంపికలో మూడు ఉచ్చులు. బీఎల్21 పీలైస్ఎస్ జాతికి క్లోరాంఫెనికాల్ నిరోధకత ముందే ఉంటుంది, పీఎస్‌బీ1సీ3 వెళ్లినా వెళ్లకపోయినా ప్లేటు నిండా పెరుగుతుంది. ఎక్స్‌ఎల్1 బ్లూకు టెట్రాసైక్లిన్‌తో అదే తంటా. ఇక కొన్ని బ్యాక్‌బోన్లలో భాగం ఉండవలసిన చోట సీసీడీబీ అనే విషపు జన్యువు ఉంటుంది. అది డీహెచ్‌5ఆల్ఫాను చంపేస్తుంది, దాన్ని తట్టుకునే డీబీ3.1 లాంటి జాతిలోనే పెంచాలి. మామూలు పనికి డీహెచ్‌5ఆల్ఫా చాలు.

ప్లేట్లలో యాంటీబయాటిక్ మోతాదు మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో: క్లోరాంఫెనికాల్ 25–35, యాంపిసిలిన్ 100, కనామైసిన్ 50, టెట్రాసైక్లిన్ 10–15. క్లోరాంఫెనికాల్ స్టాక్ ఇథనాల్‌లో చేయాలి, నీటిలో సరిగా కరగదు. మీడియా 50–55 డిగ్రీలకు చల్లారాకే యాంటీబయాటిక్ కలపండి. సీసాను చేత్తో ఓపికగా పట్టుకోగలిగితే సరిపోయినట్టు. వేడి మీద కలిపిన యాంపిసిలిన్ పాడవుతుంది, మర్నాడు ప్లేటు పచ్చిక బయలవుతుంది. ప్రతి కొత్త బ్యాచ్ ప్లేట్లలో ఒకదాని మీద ప్లాస్మిడ్ లేని కణాలు పరిచి ఏమీ పెరగడం లేదని చూసుకోండి.

గుంటలోంచి డీఎన్‌ఏ తీయడం

ప్లేటును సరైన దిశలో పెట్టండి. ఏ1 గుంట ఎడమ పక్క పైమూలన ఉండాలి. అడ్డువరుసలు ఏ నుంచి పీ వరకు, నిలువువరుసలు 1 నుంచి 24 వరకు. తలకిందులుగా పెట్టిన ప్లేటులోంచి తీసిన భాగం కూడా చక్కగానే పెరుగుతుంది. పొరపాటు సీక్వెన్స్ (డీఎన్‌ఏ అక్షరాల వరుస) వచ్చేదాకా తెలియదు. ఇద్దరు చేయండి: ఒకరు గుంట పేరు పైకి చదవాలి, ఇంకొకరు గుచ్చాలి.

రేకు కప్పును ఎప్పుడూ ఊడదీయవద్దు. ఎండిన పొడి గాలికి ఎగిరి పక్క గుంటల్లో పడుతుంది. కొత్త పైపెట్ మొనతో రేకుకు చిల్లు పెట్టి, ఇంకో కొత్త మొనతో 10 మైక్రోలీటర్ల శుద్ధ నీరు వేయండి. రెండు మూడుసార్లు మెల్లగా పీల్చి వదిలి, ఐదు నిమిషాలు ఆగండి. డీఎన్‌ఏతో పాటు క్రెసాల్ రెడ్ రంగు ఎండబెట్టి ఉంటే నీరు ఎర్రబడుతుంది. రంగు రాలేదంటే గుంట తప్పో, నీరు గోడకు అంటుకుందో చూసుకోవాలి. టీఈ బఫర్ వాడవద్దు. అందులోని ఈడీటీఏ మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది, తర్వాత ఎంజైముల పనికి అడ్డం. కణాల్లోకి పంపే ఒక మైక్రోలీటరు పోగా మిగిలిన తొమ్మిది మైక్రోలీటర్లను కొత్త గొట్టంలోకి మార్చి, పేరు రాసి, మైనస్ 20లో పెట్టండి. చిల్లు పడిన గుంటలో వదిలేస్తే ఎండిపోతుంది.

ఈ డీఎన్‌ఏను నేరుగా కోయడానికి వాడకండి. మూడు నానోగ్రాములు జెల్ మీద కనపడవు కూడా. ముందు కణాల్లోకి పంపి, పెంచి, మినీప్రెప్ (కణాల్లోంచి ప్లాస్మిడ్ వేరుచేయడం) చేసుకోవాలి.

కణాల్లోకి పంపడం

1. కాంపిటెంట్ కణాలను మంచులోనే కరగనివ్వండి. చేతిలో పట్టుకుని కరిగిస్తే సామర్థ్యం పడిపోతుంది.
2. చల్లటి గొట్టంలో 50 మైక్రోలీటర్ల కణాలకు 1 మైక్రోలీటరు డీఎన్‌ఏ కలపండి. గొట్టం అడుగును వేలితో తట్టండి, పైపెట్‌తో కలియబెట్టవద్దు.
3. మంచులో 30 నిమిషాలు.
4. సరిగ్గా 42 డిగ్రీల నీటిలో 45 సెకన్లు. డ్రై బాత్ అయితే గొట్టం చుట్టూ గాలి సందు లేకుండా గుంటలో కొంచెం నీరు పోయండి.
5. మళ్లీ మంచులో 5 నిమిషాలు.
6. 950 మైక్రోలీటర్ల ఎస్‌ఓసీ మీడియా వేసి 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఊపుతూ ఉంచండి.
7. 100 మైక్రోలీటర్లు ఒక ప్లేటు మీద పరచండి. మిగతాదాన్ని 6,800 జీ దగ్గర 3 నిమిషాలు తిప్పి, పైద్రవంలో 750 మైక్రోలీటర్లు పారబోసి, మిగిలినదాంట్లో కణాలను కలిపి రెండో ప్లేటు మీద పరచండి.
8. 37 డిగ్రీల దగ్గర 16–18 గంటలు, ప్లేట్లు తలకిందులుగా.

ఆరో మెట్టులో గంట యాంపిసిలిన్‌కు మరీ అంత ముఖ్యం కాదు. క్లోరాంఫెనికాల్, కనామైసిన్‌లకు తగ్గించకూడదు. అవి ప్రోటీన్ తయారీనే ఆపుతాయి కనుక, నిరోధక ప్రోటీన్ ముందే సిద్ధంగా లేని కణం బతకదు. యాంపిసిలిన్ ప్లేట్లను 20 గంటలు దాటనివ్వకండి. పెద్ద కాలనీ చుట్టూ వచ్చే చిన్న చిన్న పిల్ల కాలనీల్లో ప్లాస్మిడ్ ఉండదు. క్లోరాంఫెనికాల్ మీద కాలనీలు ఆలస్యంగా వస్తాయి, పొద్దున్నే ఖాళీగా కనపడిన ప్లేటును చెత్తలో వేయకుండా సాయంత్రం దాకా చూడండి. ఆర్‌ఎఫ్‌పీ ఎరుపు ఇంకా ఆలస్యం. 18 గంటలకు గులాబీ, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచాక ముదురు.

వచ్చింది అడిగిందేనా

ఇక్కడ తొందరపడితే నెల పోతుంది. ఒక్కో భాగానికి కనీసం రెండు కాలనీలు విడిగా పెంచండి. 5 మిల్లీలీటర్ల ఎల్‌బీ పోషక ద్రవం, రాత్రంతా, తగిన యాంటీబయాటిక్‌తో. కొంత భాగంతో గ్లిసరాల్ స్టాక్, మిగతాదానితో మినీప్రెప్. ఎక్కువ ప్రతుల ప్లాస్మిడ్ అయితే మైక్రోలీటరుకు 100 నానోగ్రాములకు తగ్గకుండా రావాలి.

మొదటి పరీక్ష కోత. ఎకోఆర్‌వన్, పీఎస్‌టీవన్ అనే కోత ఎంజైములతో కోస్తే రెండు గీతలు రావాలి: బ్యాక్‌బోన్, భాగం. పీఎస్‌బీ1సీ3 అయితే సుమారు 2,070 దగ్గర ఒకటి. ఐ13504కు రెండోది 875 కంటే కొద్దిగా పైన. పక్క వరుసలో కోయని ప్లాస్మిడ్‌ను తప్పక నడపండి. అది లేకుండా సగం కోత పడిందో, అసలు పడలేదో చెప్పలేరు.

బీ0034 లాంటి 12 జతల భాగం జెల్ మీద కనపడదు. దానికి సీక్వెన్సింగే దారి. వీఎఫ్2, వీఆర్ అనే రెండు ప్రైమర్లు (చదవడం మొదలుపెట్టించే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పీఎస్‌బీ వరుస బ్యాక్‌బోన్లన్నిటిలో భాగానికి ముందూ వెనకా వంద జతల చిల్లర దూరంలో కూర్చుంటాయి. అందుకే సీక్వెన్సింగ్‌లో మొదటి యాభై అక్షరాలు మసకబారినా భాగం మొదలు నష్టపోదు. ఇవే ప్రైమర్లతో కాలనీ పీసీఆర్ (కాలనీలోంచి నేరుగా ఆ డీఎన్‌ఏ ముక్క ప్రతులు తీయడం) చేస్తే భాగం పొడవుకు రెండు మూడు వందల జతలు కలిపి గీత వస్తుంది. ఖాళీ బ్యాక్‌బోన్‌తో ఒకసారి నడిపి మీ అదనం ఎంతో కొలిచిపెట్టుకోండి. బీ0015 దాటేటప్పుడు సీక్వెన్స్ హఠాత్తుగా సన్నబడితే భయపడవద్దు. టెర్మినేటర్ తనలో తాను ముడుచుకునే హెయిర్‌పిన్ అక్కడ ఉంది, రెండో వైపు నుంచి చదివించండి.

వెయ్యి జతల భాగానికి రెండు వైపుల సీక్వెన్సింగ్ ఖర్చు, తప్పు భాగంతో పోయే మూడు వారాలతో పోలిస్తే ఏమీ కాదు. డబ్బు ఆదా చేయాలనుకుంటే ఇంకెక్కడైనా చేయండి.

భాగాలను కలపడం

బయోబ్రిక్ భాగానికి ముందు ఎకోఆర్‌వన్, నాట్‌వన్, ఎక్స్‌బావన్ కోత స్థానాలు, వెనక స్పీవన్, నాట్‌వన్, పీఎస్‌టీవన్ స్థానాలు ఉంటాయి. కిటుకంతా ఎక్స్‌బావన్, స్పీవన్‌ల దగ్గరుంది. రెండూ కోశాక మిగిలే జిగురు కొస ఒకటే: సీటీఏజీ. అందుకే ఎడమ భాగపు స్పీ కొస కుడి భాగపు ఎక్స్‌బా కొసకు అతుకుతుంది. అతికాక అక్కడ ఏర్పడే వరుసను ఈ రెండు ఎంజైముల్లో ఏదీ కోయలేదు. కొత్తగా వచ్చిన జంటకు మళ్లీ మొదటి లాంటి కొసలే ఉంటాయి, ఆటను కొనసాగించవచ్చు.

అతుకు దగ్గర 8 జతల మచ్చ మిగులుతుంది: టీఏసీటీఏజీఏజీ. కుడి భాగం ప్రోటీన్ రాసేదైతే దాని ముందు కొస పొట్టిది కనుక మచ్చ 6 జతలే. ఐ13504 పొడవు లెక్క చూడండి: 12, మచ్చ 6, జీఎఫ్‌పీ 720, మచ్చ 8, టెర్మినేటర్ 129. మొత్తం 875. రిజిస్ట్రీ పొడవులతో మీ లెక్క కుదరకపోతే మచ్చల దగ్గరే ఎక్కడో తప్పారు.

రెండు ప్రోటీన్లను ఒకటిగా కలపడానికి ఈ పద్ధతి పనికిరాదు. మచ్చను మూడేసి అక్షరాలుగా చదివితే టీఏసీ, ఆపైన టీఏజీ వస్తాయి. టీఏజీ అంటే ఆగు. ఏటా ఏదో ఒక జట్టు ఇది చూసుకోకుండా ఫ్యూజన్ ప్రోటీన్ కోసం నెలలు వృథా చేస్తుంది. దానికోసం ‘ఆగు’ లేని 6 జతల మచ్చ మిగిల్చే వేరే ప్రమాణాలు ఉన్నాయి, లేదా కింద చెప్పే గోల్డెన్ గేట్ వాడండి.

మూడు ముక్కల కలయిక ఇలా. ఎడమ భాగం ఎకోఆర్‌వన్, స్పీవన్‌తో. కుడి భాగం ఎక్స్‌బావన్, పీఎస్‌టీవన్‌తో. గమ్య బ్యాక్‌బోన్ ఎకోఆర్‌వన్, పీఎస్‌టీవన్‌తో. గమ్యపు యాంటీబయాటిక్ రెండు భాగాలదానికంటే వేరేది కావాలి. రెండూ పీఎస్‌బీ1సీ3లో ఉంటే గమ్యం పీఎస్‌బీ1కె3. జెల్ కోసి శుద్ధి చేయకుండానే పాత ప్లాస్మిడ్లు ప్లేటు మీద చచ్చిపోవాలన్నది ఇందులోని ఉపాయం. ఒకే యాంటీబయాటిక్‌తో చేస్తే వచ్చే వందల కాలనీల్లో దాదాపు అన్నీ పాతవే.

ఒక్కో కోతకు 20 మైక్రోలీటర్లు: డీఎన్‌ఏ 500 నానోగ్రాములు, పదింతల బఫర్ 2 మైక్రోలీటర్లు, రెండు ఎంజైములు అరేసి మైక్రోలీటరు, మిగతాది నీరు. 37 డిగ్రీల దగ్గర గంట, 80 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. ఎంజైములు గ్లిసరాల్‌లో వస్తాయి, బరువుగా అడుక్కు దిగిపోతాయి. కలపకపోతే కోత సగమే పడుతుంది. కొన్ని మెరుగుపరిచిన పీఎస్‌టీవన్ రకాలు 80 డిగ్రీలకు కూడా చావవు. మీ దగ్గరున్నది ఆ రకమైతే కాలమ్‌తో శుద్ధి చేయాలి, లేకపోతే అతికించినదాన్ని అది మళ్లీ కోస్తూ కూర్చుంటుంది.

అతికించడానికి 10 మైక్రోలీటర్లు: మూడు కోతల నుంచి రెండేసి మైక్రోలీటర్లు, లైగేజ్ బఫర్ 1, టీ4 లైగేజ్ (అతికించే ఎంజైము) 0.5, నీరు 2.5. 16 డిగ్రీల దగ్గర అరగంట, తర్వాత 80 దగ్గర 20 నిమిషాలు. కణాల్లోకి 2 మైక్రోలీటర్లు పంపండి. లైగేజ్ బఫర్‌లోని ఏటీపీ పదే పదే కరిగి గడ్డకడితే పాడవుతుంది, కొత్త సీసా రాగానే పదేసి మైక్రోలీటర్లుగా పంచిపెట్టండి. మూత తీస్తే ఘాటైన డీటీటీ వాసన రాకపోతే ఆ బఫర్ పాతబడిందని ప్రయోగశాలల్లో అందరికీ తెలిసిన గుర్తు.

గమ్య బ్యాక్‌బోన్‌లో ముందుగా జే04450 ఉన్నది ఎంచుకుంటే పని సులువు. కోత పడని బ్యాక్‌బోన్ ఎర్ర కాలనీ ఇస్తుంది, తెల్లవాటినే ఏరండి. అన్నీ ఎర్రగా ఉంటే కోత విఫలం. ఏవీ రాకపోతే కణాలో, లైగేజో. తెల్లవి వచ్చినంత మాత్రాన లోపల భాగం ఉందని కాదు, కోత పరీక్షతో చూసుకోండి. బ్యాక్‌బోన్‌ను పీసీఆర్‌తో పెంచుకుంటే డీపీఎన్‌వన్ అర మైక్రోలీటరు కలపండి. అది కణంలో పుట్టిన మూల ప్లాస్మిడ్‌నే ముక్కలు చేస్తుంది, పీసీఆర్ ప్రతుల జోలికి పోదు.

ఒకే ప్లాస్మిడ్‌లో బీ0015ను మూడు నాలుగుసార్లు పెట్టకండి. ఒకేలాంటి వరుసలు పరస్పరం కలిసిపోయి మధ్య ముక్క ఊడిపోతుంది, పెరిగిన కొద్దీ ఊడిన కణాలే ఎక్కువవుతాయి. వేర్వేరు టెర్మినేటర్లు వాడండి.

నాలుగైదు భాగాలు ఒకేసారి కలపాలంటే బయోబ్రిక్ మెట్లు విసుగు. బీఎస్ఏవన్‌తో గోల్డెన్ గేట్ చేయండి. ఈ ఎంజైము తాను గుర్తుపట్టే చోటుకు (జీజీటీసీటీసీ) కాస్త పక్కన కోస్తుంది, అక్కడి నాలుగు అక్షరాల కొసను మీరే నిర్ణయించుకోవచ్చు. చాలా కిట్లలో ప్రమోటర్ ముందు జీజీఏజీ, ప్రమోటర్ తర్వాత టీఏసీటీ, ప్రోటీన్ మొదట్లో ఏఏటీజీ, టెర్మినేటర్ ముందు జీసీటీటీ, చివర సీజీసీటీ. ఒక్కో ముక్క 20 ఫెమ్టోమోల్‌లు. నానోగ్రాముల్లోకి మార్చడానికి ఫెమ్టోమోల్‌లను జతల పొడవుతో, 0.00065తో గుణించండి, 3,000 జతల ప్లాస్మిడ్‌కు 39 నానోగ్రాములు. 37 డిగ్రీలు 5 నిమిషాలు, 16 డిగ్రీలు 5 నిమిషాలు, ముప్పై సార్లు. చివర 60 దగ్గర 5 నిమిషాలు. భాగం లోపల ఎక్కడైనా జీజీటీసీటీసీ గానీ దాని ఎదురు పోగు జీఏజీఏసీసీ గానీ ఉంటే అక్కడా కోత పడుతుంది. బయోబ్రిక్‌కు ఇదే నియమం: లోపల జీఏఏటీటీసీ, టీసీటీఏజీఏ, ఏసీటీఏజీటీ, సీటీజీసీఏజీ ఉండకూడదు. జన్యువును సంశ్లేషణకు ఆర్డరు పెట్టేముందే కోడాన్లు (ప్రోటీన్ సంకేతపు మూడక్షరాల ముక్కలు) మార్చి తీసేయించండి.

కొలిచింది పక్కవాళ్లకు అర్థం కావాలంటే

వెలుగును కొలిచే మీ ఫ్లోరిమీటర్ చూపే అంకెకు పక్క కాలేజీలో అర్థం లేదు. 2014 నుంచి ఐజెమ్ నడిపిన ఇంటర్‌ల్యాబ్ అధ్యయనం ఈ చిక్కు మీదే. ఫ్లోరసీన్ ద్రావణాన్ని వరుసగా సగం సగం పలుచన చేసి ఒక గీత గీసుకోండి, జీఎఫ్‌పీ అంకెను దాంతో మార్చండి. కణాల సంఖ్యకు సిలికా గోళాలతో అదే పని. అంత సరుకు లేకపోతే కనీసం జే23101కు ఐ13504 జోడించిన పరికరాన్ని అదే రోజు, అదే ప్లేటులో పెంచి, మీ ప్రమోటర్‌ను దానితో నిష్పత్తిగా చెప్పండి. జీఎఫ్‌పీ లేని కణాల అంకెను తీసేయడం మరవద్దు. ఎల్‌బీ తనంతట తానే ఆకుపచ్చగా వెలుగుతుంది, బలహీనమైన జే23117ను దాదాపు మింగేస్తుంది.

మీ కాలేజీ పెట్టె

కిట్ ఏడాదికి ఒకటి వస్తుంది, పోటీకి వెళ్లని ఏడాది రాదు. జట్టు పిల్లలు పట్టా పుచ్చుకుని వెళ్లిపోతారు. మిగిలేది ఫ్రీజర్‌లో సగం చెరిగిన అక్షరాల గొట్టాలు. అందుకే సొంత పెట్టె.

ప్రతి భాగాన్ని రెండు రూపాల్లో పెట్టండి. మొదటిది గ్లిసరాల్ స్టాక్: రాత్రి పెంచిన కణాలు 500 మైక్రోలీటర్లు, స్టెరైల్ చేసిన 50 శాతం గ్లిసరాల్ 500 మైక్రోలీటర్లు, మైనస్ 80లో. రెండోది ప్లాస్మిడ్ డీఎన్‌ఏ. నిల్వకు టీఈ మేలు. కిట్ డీఎన్‌ఏ కరిగించడానికి వద్దన్నది ఎంజైముల కోసం, ఇది దాచుకోవడానికి. వాడుకకు ఒక గొట్టం, ముట్టుకోని గొట్టం ఒకటి, విడి పెట్టెల్లో. స్టాక్ గీకేటప్పుడు గొట్టాన్ని కరగనివ్వకుండా మంచు మీద పెట్టి మొనతో గీకండి.

మైనస్ 80 లేని కాలేజీలు మన దగ్గర చాలా ఉన్నాయి. ఇంట్లో వాడే లాంటి, మంచు పట్టకుండా తనంతట వెచ్చబడే ఫ్రిజ్ గ్లిసరాల్ స్టాక్‌లకు పనికిరాదు. మే నెలలో కరెంటు రెండు గంటలు పోతే మైనస్ 20 కూడా పనికిరాదు. అలాంటి చోట ఎండిన డీఎన్‌ఏనే నమ్ముకోండి: ప్లాస్మిడ్ 10 మైక్రోలీటర్లు, కొద్దిగా క్రెసాల్ రెడ్, మూత తెరిచి గాలి ప్రవాహం ఉన్న శుభ్రమైన గదిలో రాత్రంతా ఎండబెట్టి, సిలికా జెల్ సంచితో పాటు గాలి చొరబడని కవరులో. గది వేడిలో తపాలాలో పంపడానికీ ఇదే తేలిక.

గొట్టం మీద మార్కర్‌తో రాస్తే ఒక్క చుక్క ఇథనాల్‌కు చెరిగిపోతుంది. ముద్రించిన క్రయో లేబుల్ వాడండి, లేబుల్ మీద చిన్న సంకేతం మాత్రమే, మిగతాదంతా పట్టికలో. పట్టికలో ఒక్కో భాగానికి ఇంత ఉండాలి:

స్థానం: పెట్టె 1, గడి సీ5
భాగం: ఐ13504, జీఎఫ్‌పీ జనరేటర్, 875 జతలు
బ్యాక్‌బోన్, యాంటీబయాటిక్: పీఎస్‌బీ1సీ3, క్లోరాంఫెనికాల్
కణజాతి: డీహెచ్‌5ఆల్ఫా
మూలం: ఏ ఏడాది కిట్, ఏ ప్లేటు, ఏ గుంట, ఏ ఒప్పందం కింద
సీక్వెన్స్: తేదీ, రెండు వైపుల ఫైళ్ల పేర్లు, తేడాలు
కోత పరీక్ష: జెల్ బొమ్మ ఫైలు
ప్రవర్తన: ఏ కణంలో, ఏ మీడియాలో, ఏ పరికరంతో కొలిచారు, జే23101తో నిష్పత్తి
పెట్టినవారు, తేదీ

సీక్వెన్స్ గడి ఖాళీగా ఉన్న గొట్టం ఆ పెట్టెలోకి రాకూడదు. దానికి వేరే పెట్టె పెట్టండి, మీద ‘చూడనివి’ అని రాయండి. ఈ ఒక్క నియమం పాటిస్తే మిగతా సడలింపులు తట్టుకోగలరు. పట్టిక ప్రతి ఏడాదీ ఒకరి బాధ్యత, దాన్ని తెరిచే అనుమతి ఇద్దరికి. ఒక విద్యార్థి సొంత ఖాతాలో ఉన్న పట్టిక అతనితో పాటే వెళ్లిపోతుంది.

ఎవరైనా అడిగితే స్టాబ్ రూపంలో పంపండి: చిన్న గొట్టంలో 0.7 శాతం అగార్, యాంటీబయాటిక్, అందులో కాలనీని సూదితో గుచ్చి రాత్రి పెంచినది. అందుకున్నవారు అదే రోజు ప్లేటు మీద గీయాలి, అలాగే వదిలేస్తే ప్లాస్మిడ్ జారుతుంది. బతికున్న కణాలు సంస్థ దాటేముందు ఐబీఎస్‌సీకి చెప్పండి. వాడేసిన ప్లేట్లు, కల్చర్లు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్‌లో అరగంట ఉంచాకే బయటికి. ఐజెమ్ నియమాల ప్రకారం మార్పు చేసిన జీవుల్ని ప్రయోగశాల దాటించి బయట వదలడం కుదరదు.

పనిచేయని భాగాలను కూడా నమోదు చేయండి, అయితే ‘పనిచేయలేదు’ అన్న ఒక్క మాటతో కాదు. సీక్వెన్స్ సరిపోయిందా, ఏ కణంలో పెట్టారు, పాజిటివ్ కంట్రోల్ అదే రోజు వెలిగిందా, ఎన్ని కాలనీలు చూశారు, ఎన్ని గంటల దగ్గర కొలిచారు. ఈ ఐదింటికీ జవాబుంటే వచ్చే ఏడాది జట్టు ఆ గొట్టాన్ని వదిలేయాలా, ఇంకో కణజాతిలో పెట్టి చూడాలా అన్నది పది నిమిషాల్లో తేల్చుకుంటుంది.